ఫలకానికి రోగమని పేరు పెట్టవచ్చునా?

కార్ల్ హెరప్ వ్రాసిన ‘హౌ నాట్ టు స్టడీ ఎ డిసీజ్’ 2021లో వెలువడింది. ప్రచురణ ఎం.ఐ.టి. ప్రెస్. ఒక రోగాన్ని ఎట్లా అధ్యయనం చేయకూడదో చెప్పే పుస్తకమని పేరులోనే ఉన్నది. ఆ రోగం ఆల్జైమర్ వ్యాధి. వెలువడిన కొత్తలో చదివి, పరిశోధన నిధుల పంపకంలో అన్యాయం జరిగిందని వాపోయే మరొక శాస్త్రవేత్త గోడు అనుకొని పక్కన పెట్టాను. ఈ మధ్య మళ్ళీ తీయవలసి వచ్చింది. తీయించినది ఒక రక్తపరీక్ష కాగితం; దాని సంగతి తరువాత చెబుతాను. రెండవసారి చదివినప్పుడు నాకు తోచినది ఇది: హెరప్ ఎత్తిచూపిన దోషాలన్నిటిలోకీ పెద్దది నామకరణ దోషం. మెదడులో ఫలానా ప్రోటీను కనిపిస్తే చాలు, మనిషి ఎంత చురుకుగా ఉన్నా అతనికి రోగం ఉన్నట్లేనని నిర్వచించడం. ఈ నిర్వచనాన్ని వైద్యులు అంగీకరించరాదని నా వాదం. ఆస్ట్రేలియాలో వైద్యం చేసేవారు మరీ అంగీకరించరాదు. ఆ ప్రోటీనును వెలికితీసిన పనిలోనూ, దానిని రోగమని పిలవడం తొందరపాటని చూపే లెక్కలలోనూ ఈ దేశానికి పెద్ద భాగమే ఉన్నది.

మొదటి పని పెర్త్‌లో జరిగింది. ఆల్జైమర్ రోగి మెదడులో ఫలకాలు ఉంటాయని 1906 నుండి లోకానికి తెలుసు. వెండి లవణాల రంగు పట్టించి సూక్ష్మదర్శిని కింద పెడితే నల్లని మచ్చలుగా కనిపిస్తాయి. అవి దేనితో తయారయ్యాయో మాత్రం దాదాపు ఎనభై ఏళ్ళు ఎవరూ చెప్పలేకపోయారు. కారణం చాలా సాదా కారణం: ఆ ముద్దలు మామూలు ద్రావకాలలో కరగవు. కరగని పదార్థాన్ని విశ్లేషించడం ఎట్లా? రాయల్ పెర్త్ ఆసుపత్రిలో పనిచేస్తున్న కోలిన్ మాస్టర్స్, జర్మనీలోని కొలోన్ నగరంలో ప్రోటీనుల రసాయనంలో ఆరితేరిన కొన్రాడ్ బైరాయిథర్ కలిసి ఈ చిక్కు విప్పారు. మాస్టర్స్ అంతకుముందు అమెరికాలో, పాపువా న్యూగినీ కొండల్లోని కురు వ్యాధిని పరిశోధించిన కార్ల్‌టన్ గైడుసెక్ ప్రయోగశాలలో పనిచేసి వచ్చినవాడు. చనిపోయినవారి మెదళ్ళ నుండి ఫలకాల నడిమి గింజలను వేరుచేసి, ఫార్మిక్ ఆమ్లంలో కరిగించారు. చీమ కుడితే మంట పుట్టించే ఆమ్లమే అది. కరిగిన తరువాత తేలినది సుమారు 40 అమైనో ఆమ్లాల చిన్న గొలుసు. 1985లో ఆ ఫలితం అచ్చయింది. అంతకు ముందు ఏడాదే కాలిఫోర్నియాలో జార్జ్ గ్లెన్నర్, కెయిన్ వాంగ్ రోగుల మెదడు పొరల రక్తనాళాల నుండి ఇటువంటి గొలుసునే వేరుచేసి ఉన్నారు. పెర్త్ బృందం చూపినది ఫలకంలోనూ ఉన్నది అదేనని, డౌన్ సిండ్రోముతో పుట్టి పెద్దవారైనవారి మెదళ్ళలోనూ అదే ఉన్నదని. 1987లో ఆ గొలుసుకు మూలమైన పెద్ద ప్రోటీను జన్యువు 21వ క్రోమోజోము మీద దొరికింది. డౌన్ సిండ్రోములో మూడు ప్రతులుండేది ఆ క్రోమోజోముకే.

ఈ పనిలో నాకు అణువంత అభ్యంతరం లేదు. ఫలకం దేనితో తయారయిందని అడిగారు, జవాబు సంపాదించారు. రోగమంటే ఏమిటని వారు ఆనాడు అడగలేదు.

ఆ ప్రోటీనుకు, అంటే అమిలాయిడ్‌కు, రోగంతో సంబంధం లేదని చెప్పే మూర్ఖత్వం నాకు లేదు. హెరప్‌కూ లేదు. ఆ జన్యువులో మార్పు ఉన్న కొన్ని కుటుంబాలలో నలభై, యాభై ఏళ్ళకే మతి పోతుంది. ఇది 1991లో తేలింది. అమిలాయిడ్ తక్కువగా పుట్టించే మరొక మార్పు ఐస్‌లాండ్‌లో కొందరిని రోగం నుండి కాపాడుతున్నదని 2012లో తేలింది. ఇంత సాక్ష్యాన్ని తోసిపుచ్చేవారితో నాకు వాదన లేదు. చిక్కు ఎక్కడంటే, అరుదైన ఆ కుటుంబాలలో నిజమైనదాన్ని ఎనభై ఏళ్ళ ముసలివారందరికీ వర్తింపజేయడంలో. 1992లో జాన్ హార్డీ, జెరాల్డ్ హిగిన్స్ అమిలాయిడ్ నుండే తక్కిన వినాశమంతా వరుసగా జారిపడుతుందని ఒక ఊహ ప్రతిపాదించారు. అది ఊహగానే ఉండి ఉంటే బాగుండేది. ప్రశ్న అడగడానికే నిధులు దొరకని స్థితి ఎట్లా ఏర్పడిందో హెరప్ చెప్పే అధ్యాయాలు పుస్తకంలో పదునైనవి. కొంత దీర్ఘమైనవి కూడా. అమెరికా నిధుల సంఘాల లోపలి రాజకీయం అంతగా పట్టని పాఠకుడు అక్కడ పేజీలు తిప్పవచ్చు.

తిప్పకూడని పేజీలు ప్రయోగాల వైఫల్యాల గురించినవి. ఫలకాలను తొలగించే మొదటి టీకా ప్రయోగాన్ని, కొందరికి మెదడువాపు రావడంతో 2002లో ఆపివేశారు. ఆ టీకా పొందినవారిలో కొందరు తరువాతి సంవత్సరాల్లో చనిపోయినప్పుడు మెదళ్ళు తెరిచి చూశారు. కొన్నింటిలో ఫలకాలు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. అయినా ఆ మనుషులు పూర్తిగా మతి చెడిన స్థితిలోనే మరణించారు. ఈ సంగతి 2008లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. మరే వైద్య రంగంలోనైనా ఇటువంటి ఫలితం వస్తే మూల ప్రతిపాదనను తిరగదోడి ఉండేవారు. ఇక్కడ మందు ఇవ్వడం ఆలస్యమయిందన్నారు. ఇంకా ముందుగా ఇవ్వాలన్నారు. ఇంకా ముందుగా ఇవ్వాలంటే రోగం ఇంకా ముందుగా మొదలైందని చెప్పగలగాలి. రోగాన్ని లక్షణాల నుండి విడదీసి ప్రోటీనుకు ముడిపెట్టవలసిన అవసరం అక్కడ పుట్టిందని నేను అనుకుంటున్నాను.

1984 నాటి ప్రమాణాల ప్రకారం ఆల్జైమర్ అంటే ముందు మనిషిలో కనిపించే మతిభ్రంశం. మెదడు కణజాలం చూసి నిశ్చయించడం ఆ తరువాతి మాట. 2011లో లక్షణాలు లేని దశ ఒకటి చేరింది, పరిశోధనల కోసమని. 2018లో, అదీ పరిశోధనల కోసమనే, రోగాన్ని పూర్తిగా ప్రోటీనులతోనే నిర్వచించారు. 2024లో అమెరికాలోని ఆల్జైమర్స్ అసోసియేషన్ బృందం ఆ నిర్వచనాన్ని వైద్యశాల గడప దాటించింది: అమిలాయిడ్ స్కాను గాని, రక్తంలో పి-టౌ 217 వంటి పరీక్ష గాని తగిన విధంగా అధికమని తేలితే అదే రోగ నిర్ధారణ. లక్షణాలు లేకపోయినా రోగం ఉన్నట్లే, తొలి దశలో ఉన్నట్లు. నిర్వచనం వ్రాసినవారిలో మందుల కంపెనీల ఉద్యోగులు కూడా ఉన్నారు. నేను దీని మీద పెద్ద రాద్ధాంతం చేయను; కాని చదివేవారు తెలుసుకొని చదవాలి. లక్షణాలు లేనివారికి వైద్యశాలల్లో ఈ పరీక్షలు చేయవద్దని కూడా అదే పత్రం చెబుతున్నది. ఒక చేత్తో పేరు పెట్టి రెండవ చేత్తో పిలవవద్దనడం వంటిదది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నారు పెద్దలు.

ఇప్పుడు ఆస్ట్రేలియా లెక్క. 2006లో మెల్బోర్న్, పెర్త్ నగరాలలో ఏ.ఐ.బి.ఎల్. అనే అధ్యయనం మొదలైంది. అరవై ఏళ్ళు దాటిన 1,100 మందికి పైగా చేరారు. రక్తం, ఆహారపు అలవాట్లు, జ్ఞాపకశక్తి పరీక్షలు. కొందరికి అమిలాయిడ్‌ను బతికుండగానే చూపించే పెట్ స్కాను. మెల్బోర్న్‌లోని ఆస్టిన్ ఆసుపత్రిలో క్రిస్టఫర్ రో నాయకత్వంలో జరిగిన ఆ స్కానుల ఫలితం 2010లో వెలువడింది. జ్ఞాపకశక్తి చక్కగా ఉన్నవారిలోనే సుమారు మూడోవంతు మందికి మెదడులో అమిలాయిడ్ ఉన్నది. 2013లో విక్టర్ విల్లెమాన్ బృందం మరొక లెక్క తేల్చింది: స్కానులో గుర్తించదగ్గ గడప దాటిన నాటి నుండి ఆల్జైమర్ రోగులలో కనిపించే స్థాయి చేరడానికి అమిలాయిడ్‌కు సుమారు 19 ఏళ్ళు పడుతుంది. డెబ్బై అయిదేళ్ళ వయసులో ఆ గడప దాటినవాడు తొంభై నాలుగవ ఏట అక్కడికి చేరతాడు, గుండె, మూత్రపిండాలు, కాలుజారి పడడాలు వానిని అందాకా ఉండనిస్తే.

కొత్త నిర్వచనాన్ని సమర్థించేవారు ఇవే అంకెలను తమ వైపు సాక్ష్యంగా చూపుతారు. రోగం అంత ముందుగా మొదలవుతుందని ఇక్కడే రుజువైందంటారు. వారికి నా జవాబు కాలిఫోర్నియా గణాంకవేత్త రాన్ బ్రూక్‌మేయర్ 2018లో కట్టిన లెక్క. అమిలాయిడ్ మాత్రమే ఉండి, మతి స్థిరంగా ఉన్న 65 ఏళ్ళ స్త్రీకి తన శేష జీవితంలో ఆల్జైమర్ డిమెన్షియా వచ్చే అవకాశం 29 శాతం. 90 ఏళ్ళ స్త్రీకి 8 శాతం. అంటే ఆ పేరు మోసేవారిలో అత్యధికులు ఆ రోగాన్ని చూడకుండానే కన్నుమూస్తారు. అవకాశం ఎక్కువే, ఒప్పుకుంటాను. అధిక రక్తపోటు ఉన్నవారికి పక్షవాతం వచ్చే అవకాశమూ ఎక్కువే. మాత్రలు ఇస్తాము, ఉప్పు తగ్గించమంటాము. ‘మీకు పక్షవాతం వచ్చింది, తొలి దశలో ఉన్నది’ అని ఏ వైద్యుడూ అనడు. ఫ్రాన్సు వైద్యుడు బ్రూనో దుబ్వా తదితరుల అంతర్జాతీయ బృందం 2024లోనే ఈ మాట స్పష్టంగా చెప్పింది: పరీక్షలో తేలినా లక్షణాలు లేనివారిని ముప్పు ఉన్నవారు అనాలి, రోగులు అనరాదు. ఇంత సులభమైన మాట కోసం ఇంత యుద్ధం ఎందుకు జరుగుతున్నదో నాకు అర్థం కాదు, మందుల సంగతి తలచుకుంటే తప్ప.

ఆ కాగితం సంగతి ఇప్పుడు. పదవీ విరమణ చేసిన లెక్కల మాస్టారు ఒకరు, డెబ్బై నాలుగేళ్ళవారు, కొడుకు దగ్గరికి ఇక్కడికి వచ్చారు. రాకముందు ఊళ్ళో ఒక ప్రైవేటు ప్రయోగశాలలో పూర్తి ఆరోగ్య పరీక్షల ప్యాకేజీ చేయించుకున్నారట. చక్కెర, కొవ్వు, థైరాయిడ్ అంకెల నడుమ పి-టౌ 217 అధికమని ఒక వరుస. కింద ఆల్జైమర్ అనే మాట అచ్చయి ఉన్నది.

“డాక్టరుగారూ, నాన్నగారికి అల్జీమర్స్ అని వచ్చిందండీ” అన్నాడు కొడుకు.

“నాకేమీ తెలియడం లేదండీ. మరిచిపోయే జబ్బు కదా, వచ్చిన సంగతి కూడా మరిచిపోయి ఉంటాను” అన్నారాయన నవ్వుతూ. ఆ నవ్వు నిలవలేదు.

రూడాస్ అనే పరీక్ష చేశాను. భాష, చదువు అడ్డు రాకుండా వృద్ధుల జ్ఞాపకశక్తిని కొలవడానికి సిడ్నీలో తయారై 2004లో ప్రచురితమైన పరీక్ష అది. కాగితం, కలం, పది నిమిషాలు చాలు. తెలుగులోనే అడిగాను. అంగడిలో కొనవలసిన నాలుగు వస్తువులు గుర్తుపెట్టుకోవాలి: తేయాకు, వంటనూనె, కోడిగుడ్లు, సబ్బు. కాసేపటి తరువాత అడిగితే నాలుగూ చెప్పి, “కోడిగుడ్లు మా ఇంట్లోకి రానివ్వమండీ, మీరన్నారు కాబట్టి చెప్పాను” అన్నారు. ముప్పైకి ఇరవై తొమ్మిది వచ్చాయి. వారి బుద్ధిలో లోపమేమీ నాకు కనిపించలేదు. లోపం మరొకచోట కనిపించింది. ఆ కాగితం వచ్చిన తరువాత మనవడికి లెక్కలు చెప్పడం మానివేశారట. శుభకార్యానికి వెళ్ళే ముందు, వచ్చే బంధువుల పేర్లు చీటీ మీద వ్రాసుకొని చొక్కా జేబులో పెట్టుకుంటున్నారట. ఒకరి పేరు చప్పున గుర్తుకు రాకపోతే ఆ రాత్రి నిద్ర లేదు. కొడుకుకు మరొక దిగులు. తల్లిదండ్రులకు శాశ్వత నివాసం కోసం దరఖాస్తు పెట్టాలని ఉన్నది. ఇక్కడి వీసాలకు ఆరోగ్య నిబంధన ఉన్నది. ప్రభుత్వానికి ఎక్కువ ఖర్చు తెచ్చే జబ్బు ఉన్నదని తేలితే తిరస్కరించవచ్చు. “ఈ కాగితం చూపించాలాండీ?” అని అడిగాడు. జన్యు పరీక్షల ఫలితాలను జీవిత బీమా కంపెనీలు వాడుకోకుండా నిషేధిస్తామని ఆస్ట్రేలియా ప్రభుత్వం 2024లో ప్రకటించింది. మంచిదే. అది జన్యువుల మాట. రక్తంలో కొలిచే ప్రోటీనుల మాట కాదు. పేరు పెట్టేవారు ఇవన్నీ ఆలోచించారా?

ప్రోటీను ఒక్కటే మనిషి గతిని నిర్ణయిస్తే, మన హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో సువర్ణ అల్లాడి బృందం చూసినదానికి సమాధానం వెతకవలసి ఉంటుంది. డిమెన్షియా వచ్చిన 648 మంది వివరాలు పరిశీలించి 2013లో ప్రచురించారు: ఒకే భాష మాట్లాడేవారికంటే రెండు భాషలు మాట్లాడేవారికి ఆ జబ్బు సుమారు నాలుగున్నర ఏళ్ళు ఆలస్యంగా మొదలైంది. చదువురానివారిలో కూడా ఆ తేడా ఉన్నది. ఇంట్లో తెలుగు, బజారులో ఉర్దూ మాట్లాడే ఊరు కనుక అది అక్కడ చూడగలిగారు. వారు ఎవరి మెదడులోనూ అమిలాయిడ్ కొలవలేదు, కాబట్టి అమిలాయిడ్ గురించి అది ఏమీ రుజువు చేయదు. కాని జీవించిన తీరు రోగపు రాకను సంవత్సరాల తరబడి వెనక్కి నెట్టగలదనడానికి అది గట్టి సూచన. డేవిడ్ స్నోడన్ అధ్యయనం చేసిన క్రైస్తవ సన్యాసినులలో సిస్టర్ మేరీ అనే ఆమె 101 ఏళ్ళ వరకు జీవించి, చివరి దాకా పరీక్షలలో చక్కని మార్కులు తెచ్చుకున్నది. మరణానంతరం చూస్తే మెదడు నిండా ఫలకాలు, చిక్కులు. 2024 నిర్వచనం ప్రకారం ఆమె ఎన్ని దశాబ్దాలు రోగిగా బతికినట్లు?

మందుల మాట రెండు ముక్కల్లో చెబుతాను. లెకానెమాబ్ ప్రయోగంలో 1,795 మంది, 18 నెలలు. 18 మార్కుల కొలబద్ద మీద మందుకూ ఉత్తుత్తి మందుకూ తేడా 0.45. మందు పొందినవారిలో 12.6 శాతం మందికి స్కానులో మెదడు వాపు. ఆస్ట్రేలియా మందుల నియంత్రణ సంస్థ దీనిని 2024 అక్టోబరులో నిరాకరించింది, 2025 మార్చిలో మళ్ళీ నిరాకరించింది, చివరకు అనుమతించింది. ఈలోగా 2025 మేలో డోనానెమాబ్‌కు అనుమతి వచ్చింది. ప్రభుత్వ ధనంతో దానిని ఇవ్వడానికి సలహా సంఘం జూలైలో ఒప్పుకోలేదు. ఇదంతా లక్షణాలు కనిపించినవారి సంగతి. లక్షణాలు లేకుండా అమిలాయిడ్ మాత్రమే ఉన్నవారికి మందిచ్చి చూసిన ఏ4 ప్రయోగంలో ఆస్ట్రేలియా వారు కూడా పాల్గొన్నారు. నాలుగున్నర ఏళ్ళు సొలనెజుమాబ్ ఇచ్చినా ప్రయోజనం కనిపించలేదని 2023లో తేలింది. ఇటువంటివి మరికొన్ని నడుస్తున్నాయి. వాటిలో ఒకటి ఫలిస్తే మందు గురించి నా అభిప్రాయం సంతోషంగా మార్చుకుంటాను. పేరు గురించి మార్చుకోను. రక్తపోటు మాత్ర పనిచేసినంత మాత్రాన రక్తపోటు పక్షవాతం కాలేదు.

హెరప్‌తో నాకు ఒక పేచీ ఉన్నది. నిర్వచనం తన తోకను తానే మింగుతున్నదని ఆయన చక్కగా చూపిస్తాడు. అమిలాయిడ్ ఉంటేనే ఆల్జైమర్ అని ముందే నిర్ణయించుకుంటే, ఆల్జైమర్‌కు కారణం అమిలాయిడ్ కాదని ఎవరు ఎప్పటికి చూపగలరు? ఇంతవరకు ఒప్పు. కాని ఆ కోపంలో పుస్తకం పాఠకుణ్ణి మరొక గోతి అంచు వరకు తీసుకుపోతుంది. 2025లో వచ్చిన చార్లెస్ పిల్లర్ పుస్తకం ‘డాక్టర్డ్’ కూడా చదివినవారు ఆ గోతిలో పడడమూ చూస్తున్నాను. 2006లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక ప్రసిద్ధ వ్యాసంలో బొమ్మలు మార్చారని తేలి, 2024లో దానిని ఉపసంహరించిన మాట నిజం. ‘అమిలాయిడ్ అంతా బూటకం’ అనే సందేశాలు మన వాట్సాప్ గుంపుల్లో అప్పటి నుండి తిరుగుతున్నాయి. ఆ వ్యాసం అమిలాయిడ్ రూపాలలో ఒకదాని గురించి. పెర్త్‌లో కరిగించిన ముద్దలు ఆ వ్యాసం మీద ఆధారపడలేదు, ఆస్టిన్ ఆసుపత్రి స్కానులూ ఆధారపడలేదు.

మెదడు ప్రోటీనుల పరిశోధన ఇంకా జరగాలి, ఇప్పటికంటె ఎక్కువగా జరగాలి. మెల్బోర్న్‌లోని పార్క్‌విల్‌లో విక్టోరియా మెదళ్ళ నిధి ఉన్నది. మెదడు దానం చేస్తే ఇటువంటి నిధులలో సాధారణంగా ఒక సగం ఫార్మలిన్‌లో భద్రపరుస్తారు, రెండవ సగం గడ్డకట్టిస్తారు. మనవాళ్ళు నేత్రదానానికి ముందుకు వస్తారు. మెదడు మాట ఎత్తితే ఇంటిల్లిపాదీ మౌనం వహిస్తారు. అది వేరే వ్యాసం. ఆ నిధులు నేర్పిన పాఠం ఇక్కడ పనికి వస్తుంది. ముసలితనంలో మతి చెడి చనిపోయినవారి మెదడులో అమిలాయిడ్ ఒంటరిగా ఉండడం అరుదు. టౌ ఉంటుంది, ఆల్ఫా సైన్యూక్లిన్ ఉంటుంది, 2006లో గుర్తించిన టి.డి.పి. 43 ఉంటుంది, మూసుకుపోయిన సన్నని రక్తనాళాలు ఉంటాయి. నలుగురు కలిసి కూల్చిన ఇంటికి మొదట కనిపించినవాని పేరు పెట్టి కేసు మూసివేస్తే తక్కిన ముగ్గురినీ వెతికేదెవరు?

మాస్టారి కొడుకు నన్ను ఒక ఉత్తరం అడిగాడు. వ్రాసి ఇచ్చాను. రక్తంలో పి-టౌ 217 అధికంగా ఉన్నదని మొదటి వాక్యం. డిమెన్షియా లేదని, ఆల్జైమర్ రోగ నిర్ధారణ జరగలేదని రెండవ వాక్యం. రక్తపోటు మాత్ర మోతాదు, వినికిడి పరీక్షకు పంపుతున్న సంగతి, ఏడాది తరువాత మళ్ళీ చూస్తానని తక్కిన వాక్యాలు. మాస్టారు కళ్ళద్దాలు సవరించుకొని రెండుసార్లు చదివారు. రెండవ వాక్యం పెద్ద అక్షరాల్లో అచ్చువేయడం కుదురుతుందా అని అడిగారు.